గంటలోపు పరుగు.. తేలని పద్దు
ఫార్ములా-ఈ పోటీకి కట్టిన రుసుము ఎవరి సొమ్ము? రాబడి ఎవరికి?

తార్నాక: తార్నాక కూడలి మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయానికి రాకపోకలు సాగించే పాతవారికి హెచ్‌ఎండీఏ కార్యాలయం గుర్తుండే ఉంటుంది. అమీర్‌పేటలోని స్వర్ణజయంతి సముదాయానికి తరలిపోక ముందు హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ కొన్నేళ్లపాటు ఇక్కడి నుంచే పనిచేసింది. ఘట్‌కేసర్, కీసర, మేడ్చల్, ఇబ్రహీంపట్నం వైపు నుంచి లేఅవుట్ దస్త్రాలు చంకన పెట్టుకొని వచ్చినవారు ఆ మెట్లెక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. వారు కట్టిన అభివృద్ధి రుసుములు, భూవినియోగ మార్పిడి రుసుములు, సంస్థ వేలంలో అమ్మిన స్థలాల సొమ్ము.. ఇవే ఆ ఖజానాకు ప్రధాన ఆధారం. 2023 అక్టోబరులో అదే ఖజానా నుంచి సుమారు 54.88 కోట్ల రూపాయలు ఒక కార్ల పోటీ నిమిత్తం వెళ్లాయి. ఆ పోటీ జరగనే లేదు.

దీనిపై నమోదైన ఏసీబీ కేసు, న్యాయస్థానాల్లో వాదనలు, రాజకీయ పక్షాల ఆరోపణలు, ప్రత్యారోపణలు పాఠకులకు తెలిసినవే. వాటి సందడిలో అసలు లెక్క మరుగున పడింది. అంతర్జాతీయ మోటారు పోటీకి ఒక నగరం ఆతిథ్యమిస్తే ఖర్చు ఏ జేబులో నుంచి పోతుంది, రాబడి ఏ జేబులోకి చేరుతుంది అన్నదే ఆ లెక్క. ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద కూర్చుని పోటీ పరీక్షలకు చదువుకునే అర్థశాస్త్ర విద్యార్థికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

సాగర్ తీరాన ఒక్కసారి

విద్యుత్ కార్లతో నడిచే ఫార్ములా-ఈ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను హైదరాబాద్‌కు రప్పించేందుకు 2022 జనవరి 17న రాష్ట్ర ప్రభుత్వం నిర్వాహకులతో ఆసక్తి పత్రంపై సంతకం చేసింది. అదే ఏడాది అక్టోబరు 25న త్రైపాక్షిక ఒప్పందం కుదిరింది. పురపాలక శాఖ, బ్రిటన్‌కు చెందిన ఫార్ములా-ఈ ఆపరేషన్స్, గ్రీన్‌కో గ్రూపునకు చెందిన ఏస్ నెక్స్ట్ జెన్ అనే ప్రైవేటు సంస్థ అందులో పక్షాలు. ఛాంపియన్‌షిప్ 9, 10, 11, 12 సీజన్ల పోటీలను హైదరాబాద్‌లో నిర్వహించాలన్నది ఒప్పంద సారాంశం. రుసుము ప్రైవేటు సంస్థ కట్టాలి. రోడ్లు, పౌర వసతులు ప్రభుత్వం చూసుకోవాలి.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు, సచివాలయం, ఎన్‌టీఆర్ మార్గ్‌లను కలుపుతూ 2.8 కిలోమీటర్ల పైచిలుకు మార్గం సిద్ధమైంది. 2023 ఫిబ్రవరి 11న జరిగిన పోటీలో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచాడు. 2013లో గ్రేటర్ నోయిడాలో జరిగిన ఫార్ములా-1 పోటీ తరువాత మన దేశంలో జరిగిన తొలి ప్రపంచ స్థాయి కార్ల పోటీ ఇదే. పరుగు గంటలోపే ముగిసింది. సాగర్ తీరం, బుద్ధ విగ్రహం ప్రపంచమంతటా టీవీ తెరలపై మెరిశాయి. ఆ దృశ్యం చూసి సంతోషించని నగరవాసి అరుదు. పోటీకి ముందురోజు సాధన సమయంలో మామూలు వాహనాలు మార్గంలోకి వచ్చేయడంతో నిర్వాహకులు కంగుతిన్న మాటా నిజమే. హైదరాబాద్‌లో రోడ్డు ఖాళీగా కనబడితే ఎవరు మాత్రం ఆగుతారు!

రుసుము కట్టేదొకరు, హక్కులు మరొకరివి

మోటారు పోటీల వ్యాపారం క్రికెట్ మ్యాచ్ వంటిది కాదు. పోటీ హక్కులు ఒక అంతర్జాతీయ సంస్థ చేతిలో ఉంటాయి. ఆ సంస్థ తన జట్లను, కార్లను, కెమెరాలను వెంటబెట్టుకొని ఊరూరా తిరుగుతుంది. ఏ ఊళ్లో దిగాలన్నా ఆ ఊరివారు ముందుగా రుసుము చెల్లించాలి. ప్రసార హక్కులు, మార్గం చుట్టూ ఉండే ప్రకటనలు, ఖరీదైన అతిథి విడుదుల ఆదాయంలో సింహభాగం ఆ సంస్థకే వెళ్తుంది. ఆతిథ్యం ఇచ్చేవారికి ప్రధానంగా మిగిలేది టికెట్ల సొమ్ము. పెళ్లి ఖర్చంతా ఇంటివారిది, చదివింపులు మాత్రం బ్యాండు మేళానివి అన్నట్లుంటుంది వ్యవహారం.

ఈ సంగతి మన దేశంలో మొదట రుచి చూసింది జేపీ సంస్థ. గ్రేటర్ నోయిడాలో 874 ఎకరాల్లో బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్‌ను నిర్మించి, 2011 అక్టోబరు 30న తొలి ఫార్ములా-1 పోటీని నిర్వహించింది. ఒప్పందంలోని రుసుము 4 కోట్ల డాలర్లు. తొలి ఏడాది జనం పోటెత్తారు. రెండో ఏడాది తగ్గారు. మూడో పోటీతో, అంటే 2013తో ఆ ముచ్చట ముగిసింది. తరువాత మిగిలింది ఆదాయపు పన్ను వివాదం. ఇక్కడ మూడు రోజులే పోటీ జరిపి వెళ్లే విదేశీ సంస్థ మన దేశంలో పన్ను కట్టాలా, అక్కర్లేదా అన్నది ఆ తగాదా. ఆ సర్క్యూట్ విదేశీ సంస్థకు ఇక్కడి శాశ్వత వ్యాపార స్థావరం కిందికే వస్తుందని, ఆదాయంపై పన్ను వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. పన్ను మాట ఎందుకంటే, అదే ఆరేళ్ల తరువాత హైదరాబాద్ పద్దులోనూ తలెత్తింది.

ప్రైవేటు సంస్థ ఇలా చేతులు కాల్చుకుంటే అది దాని వాటాదారులు, రుణదాతల బాధ. ప్రభుత్వం రుసుము కట్టిన చోట భారం జనానిది. మలేసియా 1999 నుంచి సెపాంగ్‌లో ఫార్ములా-1 నిర్వహించి, ఖర్చుకు తగ్గ ఫలం లేదని 2017 తరువాత మానుకుంది. దక్షిణ కొరియాలోని యోంగామ్ నాలుగు పోటీలతోనే, 2010 నుంచి 2013 వరకు, సరిపెట్టుకుంది. ఫార్ములా-ఈలోనూ అంతే. హైదరాబాద్ తరువాత రెండు వారాలకు, 2023 ఫిబ్రవరి 25న, తొలిసారి ఆతిథ్యమిచ్చిన దక్షిణాఫ్రికా నగరం కేప్‌టౌన్ మరుసటి సీజన్ జాబితాలో లేదు.

సింగపూర్ కథ వేరు. అక్కడ 2008లో రాత్రిపూట వీధుల్లో పోటీ మొదలైనప్పుడు ఏటా సుమారు 15 కోట్ల సింగపూర్ డాలర్ల ఖర్చులో 60 శాతం ప్రభుత్వమే భరించింది. అయితే ఆ సొమ్ములో కొంత రాబట్టుకునే దారిని ముందే వేసుకుంది. పోటీ మార్గం పక్కనున్న హోటళ్లు ఆ రోజుల గది ఆదాయంపై 30 శాతం, మిగిలినవి 20 శాతం ప్రత్యేక సుంకం కట్టాలని నిబంధన పెట్టింది. పోటీ వల్ల గది అద్దె రెట్టింపు చేసుకునేది హోటలు యజమాని. కాబట్టి ఖర్చులో వాటా కూడా అతడిదే అన్నది అక్కడి న్యాయం. హైదరాబాద్ పద్దులో లోపించింది సరిగ్గా ఇదే.

700 కోట్ల లెక్కలోని లోతు

తొలి పోటీ వల్ల నగర ఆర్థిక వ్యవస్థకు సుమారు 8.4 కోట్ల డాలర్ల మేర, అంటే 700 కోట్ల రూపాయల వరకు లబ్ధి కలిగిందని నీల్సన్ సంస్థ విశ్లేషణను ఉటంకిస్తూ నిర్వాహకులు, అప్పటి పాలకులు ప్రకటించారు. 55 కోట్లు పెడితే 700 కోట్లు వచ్చే బేరాన్ని ఎవరు కాదంటారని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ప్రశ్న సహేతుకమే. జవాబు చెప్పాలంటే ‘ఆర్థిక ప్రభావం’ అన్న మాటకు అర్థం చూడాలి.

ఆర్థిక ప్రభావం అంటే లాభం కాదు. చేతులు మారిన సొమ్ము. తార్నాకలోని ఒక కుటుంబాన్నే తీసుకుందాం. నలుగురు వెయ్యి రూపాయల టికెట్లతో పోటీ చూశారు. తోవలో తిండికి, ఆటోకు మరో వెయ్యి అయింది. మొత్తం 5 వేలు ప్రభావం కింద రాసుకోవచ్చు. కాని ఆ కుటుంబం ఆ ఆదివారం సినిమాకు, హోటలు బిర్యానీకి పెట్టవలసిన డబ్బును ముందురోజు శనివారం సాగర్ ఒడ్డున పెట్టింది. నగరానికి కొత్తగా వచ్చిన రూపాయి ఒక్కటీ లేదు. తార్నాక హోటలులో తగ్గినది సాగర్ తీరంలో పెరిగింది, అంతే. బయటి ఊళ్ల నుంచి, బయటి దేశాల నుంచి వచ్చినవారి ఖర్చే అసలైన కొత్త సొమ్ము.

ఆ కొత్త సొమ్ములోనూ కొంత నిలవదు. విదేశీ సిబ్బంది విమాన ఛార్జీ విమానయాన సంస్థకు పోతుంది. కార్లు, సామగ్రి రవాణా ఖర్చు ఈ ఊరి గడప తొక్కదు. నక్షత్రాల హోటలు లాభం ముంబయిలోనో, మరోచోటో ఉన్న యాజమాన్యానికి చేరుతుంది. ఇక్కడ నిలిచేది సిబ్బంది జీతాలు, కూరగాయల దుకాణం బిల్లు, ట్యాక్సీ కిరాయి. ఇవి చిన్నవని కాదు. ట్యాక్సీ నడిపే వ్యక్తికి ఆ వారం రాబడి పెద్దదే. కాని 700 కోట్లు అన్న అంకెను చూసి అంతా నగరవాసుల చేతికి వచ్చిందనుకుంటే పొరపాటు.

ఇప్పుడు ప్రభుత్వ ఖజానా వైపు నుంచి చూద్దాం. పోటీ జరిగిన నాటికి రోజుకు 7,500 రూపాయలు దాటిన హోటలు గదిపై 18 శాతం జీఎస్టీ ఉంది. అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. రాత్రికి 20 వేల రూపాయల గది అనుకుంటే రాష్ట్రానికి 1,800 రూపాయలు వస్తుంది. 54.88 కోట్లను ఈ ఒక్క దారిలోనే రాబట్టాలంటే అటువంటి గదులు 3 లక్షల రాత్రులకు పైగా నిండాలి. హోటళ్లు ఒక్కటే ఆదాయం కాదు కదా అనవచ్చు. సరే, నిర్వాహకులు చెప్పిన 700 కోట్లూ నిజమైన అమ్మకాలేనని, అంతటిపైనా 18 శాతం పన్ను పడిందని అనుకుందాం. అప్పుడు రాష్ట్ర వాటా 63 కోట్లు. ఇది అత్యంత అనుకూలంగా వేసిన లెక్క. వాస్తవంలో ఆ ఖర్చులో చాలా భాగానికి అంత పన్ను పడదు, కొంతకు అసలు పడదు. ఇంత అనుకూలంగా వేసినా కట్టిన సొమ్ముకు పైన మిగిలేది 8 కోట్ల చిల్లర. కట్టినదైనా మొత్తం రుసుము కాదు, సగమే.

మరో మెలిక ఉంది. ఆ 63 కోట్లు వచ్చినా చేరేది రాష్ట్ర ఖజానాకు. రుసుము కట్టినది హెచ్‌ఎండీఏ. హోటలు గదిపై సుంకం వేసే అధికారం దానికి లేదు, జీఎస్టీలో నేరుగా వాటా లేదు. లేఅవుట్ అనుమతి కోసం కీసర రైతో, ఘట్‌కేసర్ ప్లాటుదారో కట్టిన డబ్బు పోటీకి వెళ్లింది. దాని ఫలం బంజారాహిల్స్ హోటలుకు, రాష్ట్ర ఖజానాకు, లండన్ సంస్థకు పంపిణీ అయ్యే ఏర్పాటు అది. ప్లాటుదారుడి కాలనీకి రావలసిన రోడ్డుకు ఆ మేరకు నిధి తగ్గింది.

పేరు ప్రతిష్ఠల మాట ఏమిటి? దాన్ని కొట్టిపారేయలేం. పోటీ వారంలోనే, 2023 ఫిబ్రవరి 6న, ప్రభుత్వం తెలంగాణ మొబిలిటీ వ్యాలీని ప్రకటించింది. అయిదేళ్లలో 50 వేల కోట్ల పెట్టుబడులు, 4 లక్షల ఉద్యోగాలు లక్ష్యమని చెప్పింది. విద్యుత్ వాహనాల సంస్థలను ఆకర్షించేందుకు ఇటువంటి పోటీ ఒక ప్రదర్శనశాల అన్న వాదనలో కొంత బలం ఉంది. అయితే లక్ష్యం వేరు, ఫలితం వేరు. పోటీ చూసి వచ్చిన పెట్టుబడి ఏది, భూమి, విద్యుత్తు, నిపుణుల లభ్యత చూసి ఎటూ రావలసినది ఏది అన్నది విడదీయనిదే పోటీ ఖాతాలో దేన్నీ జమ వేయకూడదు. ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాల వంటి చోట్ల నుంచి ఏటా బయటికి వచ్చే యువత కూడా పెట్టుబడిదారును రప్పించే కారణమే. విశ్వవిద్యాలయ శతాబ్ది ఉత్సవాలకు 2017-18 బడ్జెట్‌లో రాష్ట్రం 200 కోట్లు కేటాయించింది. జరగని పోటీకి పోయినది అందులో నాలుగో వంతు పైమాటే.

రెండో ఏడాది ఏం జరిగింది?

తొలి పోటీ తరువాత ఏస్ నెక్స్ట్ జెన్ తప్పుకుంది. ఇక్కడే అసలు ప్రశ్న పుట్టాలి. లాభసాటి అయితే ప్రైవేటు నిర్వాహకుడు ఒక్క ఏడాదికే ఎందుకు వెనుదిరుగుతాడు? అతడు వదిలిన బాధ్యతను హెచ్‌ఎండీఏ తలకెత్తుకుంది. 2023 అక్టోబరు 3న 22.69 కోట్లు, 11న 23.01 కోట్లు ఫార్ములా-ఈ సంస్థకు పౌండ్ల రూపంలో వెళ్లాయి. ఇవి 90 లక్షల పౌండ్ల రుసుములో సగం. విదేశీ సంస్థకు చెల్లించేటప్పుడు పన్ను మినహాయించుకోనందున ఆ భారం కూడా, సుమారు 8 కోట్లు, హెచ్‌ఎండీఏపైనే పడింది. నోయిడా పన్ను తగాదా నేర్పిన పాఠం ఇక్కడ అక్కరకు రాలేదు. మోటారు క్రీడల సమాఖ్యకు కట్టిన సుమారు 1.10 కోట్లు కలిపితే మొత్తం 54.88 కోట్లవుతుంది.

తేదీలు గమనించదగినవి. శాసనసభ ఎన్నికల నియమావళి అక్టోబరు 9న అమల్లోకి వచ్చింది. కొత్త ఒప్పందంపై సంతకాలు అక్టోబరు 30న జరిగాయి. అంటే సగం రుసుము చేరిన తరువాత ఒప్పందం కుదిరింది. డిసెంబరు 7న కొత్త ప్రభుత్వం ఏర్పడింది. 2024 ఫిబ్రవరి 10న జరగవలసిన పోటీ రద్దయినట్లు జనవరి 5న నిర్వాహకులు ప్రకటించారు. ఒప్పందాన్ని నెరవేర్చరాదని ప్రభుత్వం నిర్ణయించిందని వారు కారణం చెప్పారు.

మంత్రివర్గ, ఆర్థిక శాఖ అనుమతులు లేకుండా, నియమావళి అమల్లో ఉండగా, విదేశీ మారకంలో చెల్లింపులు జరిగాయన్న ఆరోపణపై 2024 డిసెంబరు 19న ఏసీబీ కేసు నమోదు చేసింది. అప్పటి పురపాలక శాఖ మంత్రి కె.టి.రామారావు, ఇద్దరు అధికారులు నిందితులు. కేసు కొట్టివేయాలన్న ఆయన అభ్యర్థనను 2025 జనవరి 7న హైకోర్టు తోసిపుచ్చింది. ప్రాసిక్యూషన్‌కు గవర్నరు అనుమతి 2025 నవంబరులో లభించింది. తాను ఒక్క రూపాయి లబ్ధి పొందలేదని, సొమ్ము నేరుగా బ్యాంకు ద్వారా సంస్థకే చేరిందని, నగర ప్రతిష్ఠ కోసమే నిర్ణయం తీసుకున్నానని, పోటీని రద్దు చేసి నష్టం తెచ్చింది కొత్త ప్రభుత్వమేనని రామారావు వాదన. నేరం ఉందా లేదా అన్నది న్యాయస్థానం తేల్చవలసినది. నేరం లేదని తేలినా పైన చెప్పిన లెక్క మారదు. నిబంధనలన్నీ పాటించి చేసిన బేరం కూడా చెడ్డ బేరం కావచ్చు.

గోపన్‌పల్లి నాటి ముచ్చట

హైదరాబాద్‌కు ఈ మోజు కొత్తదేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఫార్ములా-1 కోసం ప్రయత్నించింది. నగర శివారున గోపన్‌పల్లి వైపు దాదాపు 1,500 ఎకరాల్లో సర్క్యూట్ కట్టి 2007 నాటికి పోటీ జరపాలన్నది నాటి ఆలోచన. ఇంచుమించు తొలినాళ్ల ఉస్మానియా ప్రాంగణమంత భూమి అది. 2004 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, ఆలోచన అటకెక్కింది. రెండుసార్లూ ఎన్నికలతోనే కథ మారిందంటే పోటీలకు, పార్టీలకు ముడి ఎంత గట్టిదో తెలుస్తుంది. ఈ వ్యాపారంలో అది కూడా ఒక ఖర్చే. బహుళ సంవత్సరాల ఒప్పందం మధ్యలో ఎన్నికలు వస్తాయని తెలిసినప్పుడు, రద్దయితే కట్టినది ఎంత తిరిగివస్తుందన్న షరతు అన్నిటికంటే ముందు రాసుకోవాలి.

గోపన్‌పల్లిలో కడితే కనీసం సర్క్యూట్ మిగిలేది. వీధి పోటీలో మిగిలేది రోడ్డే. దాని మీది అడ్డుగోడలు, కంచెలు, గ్యాలరీలు పోటీ కాగానే ఊడదీయాలి, మరుసటి ఏడాది మళ్లీ బిగించాలి. ఊరికి పడే ఇక్కట్లు ఏ నివేదికలోనూ కనబడవు. 2023 ఫిబ్రవరిలో కొన్ని రోజులపాటు తెలుగుతల్లి ఫ్లైఓవర్, ఎన్‌టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు వైపు రాకపోకలు ఆగిపోయాయి. లక్డీకాపూల్, ఖైరతాబాద్ దారులు కిక్కిరిశాయి. తార్నాక నుంచి విద్యానగర్, నారాయణగూడ, లిబర్టీ మీదుగా కార్యాలయాలకు వెళ్లేవారిలో మెట్రో అందుబాటులో ఉన్నవారు అమీర్‌పేటలో రైలు మారి బయటపడ్డారు. ద్విచక్ర వాహనం తప్ప గతిలేనివారు పెట్రోలు, సమయం వదులుకున్నారు. ఒక్కొక్కరికి రోజుకు అరగంట చొప్పున లక్ష మంది నష్టపోతే అది 50 వేల పనిగంటలు. ఆర్థిక ప్రభావం లెక్కించేవారు ఈ పద్దును కూడా ఎదురుగా వేయాలి.

చెన్నైలో 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట ఫార్ములా-4 పోటీ జరిగింది. అక్కడ పోటీకి ముందే, సర్కారు సొమ్ము వెచ్చించడంపై మద్రాసు హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. హైదరాబాద్‌లో ఆ ప్రశ్నలు సొమ్ము వెళ్లాక వచ్చాయి. 2024 ఫార్ములా-ఈ జాబితాలో ఫిబ్రవరి 10 స్థానంలోకి మరో నగరం రాలేదు. ఆ రోజున ఎన్‌టీఆర్ మార్గ్‌పై మామూలు బస్సులే తిరిగాయి.